పంక్చర్ సాయిబు

మా మామూది పంక్చర్ షాపు. అన్నవరంలో హైవే పక్కన రేకుల షెడ్డు. ముందు వేలాడే పాత టైరు మీద తెల్లరంగుతో 'ఇచ్చట పంక్చర్లు వేయబడును' అని ఉంటుంది. మామూ మనవడు పాలిటెక్నిక్ చదివాడు. కాలేజీ ఫారంలో కుటుంబ వృత్తి అన్నచోట 'బిజినెస్' అని రాశాడు. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఎందుకలా రాశాడో నాకు తెలుసు. మీకూ తెలుసు. ఈ రోజుల్లో మమ్మల్ని తిట్టడానికి బూతులు అక్కర్లేదు. 'పంక్చర్‌వాలా' అంటే చాలు. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్ సభలో ప్రధాని మోదీ కూడా ఈ మాట తెచ్చారు. వక్ఫ్ ఆస్తులను నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం కుర్రాళ్ళు సైకిల్ పంక్చర్లు వేసుకుని బతకాల్సి వచ్చేది కాదన్నారు. వెటకారం చేసేవాళ్ళు కొందరు, జాలిపడేవాళ్ళు కొందరు. ఇద్దరి లెక్కలోనూ ఆ పనికి చెయ్యి చాలు, బుర్ర అక్కర్లేదు. మా వాళ్ళు ఎక్కువగా కనిపించే పనుల్లో బళ్ళ రిపేరు ఒకటని 2006లో సచార్ కమిటీ రాసింది. ఆ పనిలో ఎంత చదువుందో రాయడం కమిటీల పని కాదు. బి.ఏ. చదివి, ఇంట్లో ఉర్దూ మాట్లాడి, పత్రికలో తెలుగు రాసే నాబోటి వాడి పని. అందుకే ఈసారి మతం గురించి కాకుండా చక్రం నట్టు గురించి రాస్తున్నాను.

అన్నవరం సంగతి మీకు తెలిసిందే. కొత్త కారు కొన్నవాళ్ళు తొలి పావంచాల దగ్గర కొబ్బరికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. అక్కణ్ణించి నేరుగా మామూ దగ్గరికొచ్చి "సాయిబుగారూ, గాలి చూసి నట్లు కూడా ఓసారి చూడండి" అంటారు. కార్తీకమాసంలో ఊపిరాడదు. కత్తిపూడి, తుని మధ్య రోడ్డు మీద ఆగిపోయిన బళ్ళ డ్రైవర్లు ఫోన్లు చేస్తారు. కంప్రెసర్‌తో నడిచే గాలి గన్ను పైపు ఉన్నంత దూరమే పోతుంది. కరెంటు పోతే అదీ లేదు. బ్యాటరీ గన్నయితే బైక్ డిక్కీలో పెట్టుకుని పోవచ్చు. పోయిన కార్తీకానికి ముందు మనవడు మొండికేసింది దానికోసమే.

మామూ ఒప్పుకోలేదు. "హాత్ కు మాలుం నై హోతా" అన్నాడు. చేతికి తెలీదురా అని. ముసలాయన చాదస్తం అనుకున్నాడు మనవడు. మామూ అన్నది యంత్రశాస్త్రమే.

టామీ రాడ్డుతో నట్టు బిగిస్తే, నట్టు ఎంత ఎదురు తిరుగుతోందో భుజానికి తెలుస్తుంది. గన్నులో అలా కాదు. లోపలో సుత్తి తిరుగుతూ ఇరుసు మీద నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు కొడుతుంది. ఆ దెబ్బల బలం నట్టుకి పోతుంది, చేతికి మాత్రం వణుకే మిగులుతుంది. అందుకే తుప్పుపట్టిన నట్టుని విప్పడంలో దాన్ని మించింది లేదు. ఎంత బిగిసిందో చెప్పడం మాత్రం దానికి చేతకాదు. బిగువు ఎంచుకునే మీట ఉన్నవాటిలోనూ అది అంచనాయే.

బిగువుకి ఒక కొలత ఉంది. మీటరు పొడవు రాడ్డు చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే దాదాపు 100 న్యూటన్ మీటర్లు. చిన్న కార్ల నట్లకు సుమారు 85 నుంచి 110 చాలు. పది స్టడ్ల లారీ చక్రానికి 500 దాటుతుంది. ఏ బండికి ఎంతో ఆ బండి పుస్తకంలో ఉంటుంది. తక్కువైతే నట్లు వదులై రిమ్ము రంధ్రాలు అరిగి చక్రం ఊడొస్తుంది. ఎక్కువైతే స్టడ్డు సాగుతుంది, మర పోతుంది. రాత్రిపూట పిల్లలతో ఆగిపోయిన ఆడమనిషి స్టెప్నీ మార్చుకుందామంటే ఆ నట్టు కదలదు. గన్నుతో 'టకటకా' బిగించేసి డబ్బులు తీసుకునే షాపుల మీద నాకు కోపం అందుకే. ఆ షాపు ఎవరిదైనా సరే, మావాళ్ళదైనా సరే.

కొనేటప్పుడు మనవడు పెట్టెల మీద అంకెలు చూసి మురిశాడు. పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు విప్పే బలం. బిగించే బలం అంతకన్నా తక్కువ, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక పెట్టె మీద 18 వోల్టులు, ఇంకోదాని మీద 20 అని ఉంటే రెండోది గొప్పదనుకోవద్దు. రెండింట్లోనూ ఐదు సెల్సే. నిండా చార్జి అయినప్పటి లెక్క 20, మామూలు లెక్క 18. కార్లకి అర అంగుళం డ్రైవ్, 300 నుంచి 500 దాకా బలం ఉంటే ధారాళం. లారీలకి ముప్పావు అంగుళమో అంగుళమో కావాలి. చిన్నదానితో లారీ నట్టు మీద కుస్తీ పడితే గన్నే పోతుంది. మోటారు బ్రష్‌లెస్ అయితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. బాష్, మకీటా, డివాల్ట్ ఏదైనా కానీయండి, షాపులో ఇప్పటికే ఉన్న డ్రిల్లు ఏ కంపెనీదో చూసుకుంటే బ్యాటరీ ఖర్చు తగ్గుతుంది. గోటీలు మాత్రం గన్ను కోసం చేసిన నల్లవే వాడాలి. చేతిపానాకి వాడే మెరిసే గోటీ ఆ దెబ్బలకి పగిలి ముఖాన తగలొచ్చు. రోహిణీ కార్తె ఎండలో బ్యాటరీని బండి సీటు మీద వదిలేయకూడదు.

డబ్బు కోసం ఒక బ్యాంకుకి వెళ్ళాం. షాపు కాగితాలకన్నా ముందు పేరు చదివారు. తర్వాత రమ్మన్నారు. చీటీ పాడి కొన్నాం.

పానా అన్నాను కదా, అది మా ఉర్దూలోనూ ఉన్న మాటే. ఉర్దూలో పొందడాన్నీ పానా అంటారు. గోదావరి జిల్లాల్లో ఏ కులం మెకానిక్కయినా పానా తెమ్మనే అంటాడు. ఉస్తాద్ అనే పిలుస్తాడు. మా భాష ఈ నేల మీద పరాయిదనే వాళ్ళు ఒకసారి గ్యారేజీకి వెళ్ళి చెవులు పెట్టి వినాలి.

చివరికి మామూ ఒక షరతు పెట్టాడు. విప్పడానికి గన్ను, బిగించడానికి చెయ్యి. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేస్తారు. కొన్ని పాత బళ్ళకి ఎడమ చక్రాల మర తిరగేసి ఉంటుంది, అది చూడకుండా గన్ను నొక్కితే విప్పబోయి బిగిస్తాం. ఎక్కించేటప్పుడు హబ్బు మీద తుప్పు గీకి, ప్రతి నట్టూ రెండు మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పుతారు. వేళ్ళకి సాఫీగా తిరగని నట్టుకి గన్ను పెడితే మర చెడుతుంది. మరకి నూనె పూయరు, పూస్తే అదే కొలతకి స్టడ్డు ఎక్కువ సాగుతుంది. తర్వాత గన్నుతో మెల్లగా ఆనిస్తారు. పక్కపక్కన కాదు, ఎదురెదురుగా. జాకీ దించాక టార్క్ పానా పట్టి, అది 'టిక్' మనే దాకా చేత్తో. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూడాలి. అందుకే మామూ విశాఖ వైపు పోయే వాళ్ళకి "అనకాపల్లిలో టీకి ఆగినప్పుడు నట్లు చూపించుకోండి బాబూ", ఇటు వచ్చే వాళ్ళకి "రాజమండ్రిలో" అని చెప్పి పంపిస్తాడు. ఆ డబ్బు ఇంకో షాపుకి పోతుంది కదా తాతా అంటాడు మనవడు. పోనీరా అంటాడు ఆయన.

ఇప్పుడు షెడ్డు గోడ మీద, ఆ టైరు పక్కన, మనవడు రంగుతో ఒక పట్టిక రాశాడు. ఏ కారుకి ఎంత బిగువో, పుస్తకాలు చూసి రాసిన అంకెలు. డ్రైవర్లు సెల్ ఫోన్‌తో ఫొటో తీసుకుంటున్నారు. మామూకి తెలుగు చదవడం అంతంతమాత్రం. అంకెలు చదువుతాడు. మొన్న జుమ్మా నమాజుకి వెళ్తూ ఆగి, ఒక అంకె మీద వేలు పెట్టి, "యే గాడీ కా నై హై యే" అన్నాడు. మనవడు కారు పుస్తకం తీసి చూశాడు. చూసి, బ్రష్షు కోసం లోపలికెళ్ళాడు.