పరాయి లెక్క

సౌదీ నుంచి వచ్చిన మావాళ్ల కబుర్లలో మక్కా, మదీనాల తర్వాత వచ్చేది ఖర్చుల లెక్కే. టాక్సీవాడు మొహం చూసి రేటు చెప్తాడు. అరబ్బీ రానివాడికి ఏసీ రిపేరు కూలీ పెరుగుతుంది. పరాయి దేశంలో ఇది మామూలేనని సర్దుకుంటాం.

2017 జూలైతో ఆ సర్దుబాటూ పోయింది. విదేశీ ఉద్యోగి వెంట ఉన్న భార్యకూ, పిల్లలకూ తలకు నెలకు 100 రియాళ్లు కట్టాలన్నారు. ఏటా నూరేసి పెంచి 2020 నాటికి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలుంటే ఏడాదికి 19,200 రియాళ్లు! కట్టకపోతే ఇకామా రెన్యువల్ కాదు. ఎందరో బీవీబచ్చాల్ని హైదరాబాదు పంపేసి మళ్లీ బ్యాచిలర్ గదుల్లో చేరారు.

నమాజులో ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడతాం. సలాం ఫేరి లేచాక వాళ్లు ముల్కీలు, మేం గైర్ ముల్కీలు. ఈ మాటలు హైదరాబాదీలకు కొత్తవా?

ఇక్కడ మమ్మల్ని ‘మీ అరబ్ దేశాలకు పొండి’ అనేవాళ్లారా, పోయి చూశాం. ఆ ఫీజు మా కల్మాను చూడలేదు, పాస్‌పోర్టును చూసింది. మేం హిందుస్తానీలమని అక్కడి గుమాస్తాకు తెలుసు. రుజువులడిగేది మీరే.