‘కణం ఆత్మహత్య’

సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగారు. నేను బి.ఎస్సీ. చదువుతున్నాను కాబట్టి క్లాసులో విన్న ఒక మాట గురించి రాస్తాను. లెక్చరర్ గారు బోర్డు మీద ‘అపోప్టోసిస్ – కణం ఆత్మహత్య’ అని రాశారు. అనంతపురంలో ఆ మాట రాస్తే క్లాసు ఎలా ఉంటుందో మీకు తెలుసు. శెనక్కాయ పంట పోయి, అప్పులకు మనుషులు పోయిన ఇళ్ళ పిల్లలు మా బెంచీల్లోనే ఉన్నారు. నేనూ ఉన్నాను. మా చిన్నాయన అలాగే పోయాడు.

తర్వాత పాఠం నిదానంగా చదివాను. కణం తొందరపడి చావదు తమ్ముళ్ళూ. ప్రోటీన్లు మడతపడే చోటును అంతర్జీవ ద్రవ్యజాలం అంటారు. అక్కడ మడత తప్పినవి పేరుకుపోతే కణం ముందు కొత్త ప్రోటీన్ల తయారీ తగ్గిస్తుంది. మడత సరిచేసే సహాయక ప్రోటీన్లను పెంచుతుంది. చెడిపోయినవాటిని ముక్కలు చేస్తుంది. బెట్ట వచ్చిన ఏడు మన ఇళ్ళలో పెళ్ళి వాయిదా వేసుకుని నెట్టుకొచ్చినట్టే. ఎంతకీ సర్దుకోకపోతేనే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి బయటికొస్తుంది, కాస్పేజ్‌లనే ఎంజైములు పని మొదలుపెడతాయి. కణం చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్క కణాలు వాటిని మింగేస్తాయి. వాపు కూడా రాదు.

దీనికీ ఏ.టి.పి. ఖర్చవుతుంది. 1929లో ఆ ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. (మా పుస్తకంలో ఆయన పేరు లేదు, ఎందుకో!) ఏ.టి.పి. పూర్తిగా అయిపోయిన కణం ఇలా పద్ధతిగా పోలేదు. పగిలిపోయి చుట్టూ వాపు తెస్తుంది.

1972లో కెర్, వైలీ, కర్రీ ఈ పేరు పెట్టారు. గ్రీకులో దానికి అర్థం ఆకులు, పూరేకులు రాలడం. ఆత్మహత్య కాదు. బెట్టలో శెనక్కాయ చెట్టు కింది ఆకులు పసుపెక్కి రాలడం మనం చూసిందే. చెట్టుకు కాస్పేజ్‌లు లేవు, పని చేసేవి వేరే ఎంజైములు. ఆకు రాలేముందు తనలోని నత్రజనిని కాయలకు పంపేస్తుంది. ఆకు పోయినా కాయ నిలబడుతుంది.

చిన్నాయన పోతే ఎవరూ నిలబడలేదు. అప్పు అలాగే ఉంది. చిన్నమ్మ బెంగళూరుకు కూలికి పోయింది, పిల్లలు మా ఇంట్లో ఉన్నారు. అందుకే బోర్డు మీది ఆ మాట నాకు రెండు వైపులా తప్పనిపిస్తుంది.

పాఠంలో ఇంకో సంగతి ఉంది. మన ఒంట్లో చాలా కణాలు బతకాలంటే పక్క కణాల నుంచి ‘బతుకు’ అనే సంకేతం అందుతూ ఉండాలి. అది ఆగిపోతే జబ్బేమీ లేని కణం కూడా పోతుంది. చిన్నాయన ఇంటికి ఆ ఏడు వచ్చినవి అప్పులవాళ్ళ కబుర్లే.