ఆగిపోయే బండి

మా బావ ఈమధ్యే అప్పు చేసి ఓ పాత డీజిల్ ట్రక్కు కొన్నాడు. అరగంట బాగానే నడుస్తుంది, తర్వాత చటుక్కున ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే మళ్ళీ మామూలే! అప్పటికే రెండు కిరాయిలు పోయాయి. ఫిల్టరు మార్చారు, లైన్లో గాలి తీశారు, తేడా లేదు. మెకానిక్కేమో పంపు విప్పాల్సిందే అన్నాడు.

రీస్టార్ట్ చేస్తే పోయే బగ్గు మీద మనకి ఎప్పుడూ అనుమానమే కదా. "ఈసారి ఆగగానే ట్యాంకు మూత తీసి చూడు బావా" అన్నా ఫోన్లో.

తీస్తే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుందట! మూతకుండే సన్నటి గాలి రంధ్రం మట్టితో పూడిపోయింది. డీజిల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాకపోతే పంపు ఎంతని లాగుతుంది పాపం? ఆగి ఉన్నప్పుడు మెల్లగా ఎక్కడో సందులోంచి గాలి చేరేది, అందుకే మళ్ళీ స్టార్టయ్యేది.

గుండుసూదితో పొడిచాక వారంగా ఆగలేదు. మెకానిక్కు మాత్రం పంపు కూడా ఓసారి చూద్దామనే అంటున్నాడు.