తలకింత అని పంచితే న్యాయమేనా?

పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ గురించి మనం చాలా రాసుకున్నాం. సర్పంచ్ కుర్చీలో భార్య, పెత్తనంలో భర్త ఎలా ఉంటారో, సంతకం ఎవరిదో, మాట ఎవరిదో చర్చించుకున్నాం. కానీ ఆ కుర్చీలో కూర్చున్న స్త్రీకి ఎంత డబ్బు అందుతుంది, ఏ లెక్కన అందుతుంది అన్న ప్రశ్న మన స్త్రీవాద చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది. అది ఆర్థికవేత్తల సంగతి అన్నట్టు పక్కన ఉండిపోతుంది. నా వరకు అది మన వంటింటి సంగతి, మన బిందెల సంగతి.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దానితో పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకి దక్కాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది సగమైంది. ఆ సవరణ మంచినీళ్లు, రోడ్లు, వైద్యం, స్త్రీ శిశు అభివృద్ధితో సహా 29 అంశాల జాబితా కూడా ఇచ్చింది. అయితే స్త్రీలకి స్థానాలు ఇవ్వడం తప్పనిసరి చేసి, ఆ 29 అంశాల మీద అధికారాన్ని, నిధుల్ని ఎంత బదలాయించాలన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది.

కొన్నేళ్లుగా మహిళా సర్పంచుల సమావేశాలకు వెళ్తున్నాను. తెలంగాణలో 2018 చట్టం తర్వాత నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. వాటిలో తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. మా తండాలో మా రాజ్యం అని ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన ఫలితం అది. అలాంటి ఒక తండా సర్పంచ్ ఒక సమావేశంలో నన్ను సూటిగా అడిగింది: "అక్కా, పైసలేమో తలకింత అని ఇస్తరు. మరి ట్రాక్టర్ కిస్తీ తలకింత అని తీసుకుంటరా?"

2019లో మొదలైన పల్లె ప్రగతిలో ప్రతి పంచాయతీ ట్రాక్టర్ కొనాల్సి వచ్చింది. ఐదు వేల మంది ఉన్న ఊరికీ, ఐదు వందల మంది ఉన్న తండాకీ ట్రాక్టర్ తప్పలేదు. ఆ ఒక్క మాటతో ఆమె మొత్తం నిధుల పంపకంలోని లొసుగును పట్టుకుంది.

పంచాయతీకి సొంత ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటి పన్ను, నీటి పన్ను, లేఅవుట్ ఫీజులు, సంత వేలం, స్టాంపు డ్యూటీలో వాటా. నగర శివారు గ్రామంలో అపార్టుమెంట్లు లేస్తాయి, భూములు చేతులు మారతాయి, డబ్బు వస్తుంది. తండాలో ఏ భూమి అమ్మకాలు జరుగుతాయి? రెండు గదుల ఇంటి మీద ఎంత పన్ను వేస్తారు? అక్కడ పైనుంచి వచ్చే నిధులే దిక్కు.

ఆ నిధులు పంచే తీరు చూడండి. 15వ ఆర్థిక సంఘం పన్నుల్లో వాటాని రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు ఏ రాష్ట్రం తలసరి ఆదాయంలో ఎంత వెనకబడి ఉందన్న దానికి 45 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. పేద రాష్ట్రానికి ఎక్కువ కావాలని ఒప్పుకుంది. అదే సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసి, ఆ డబ్బుని రాష్ట్రాల మధ్య 90 శాతం జనాభా, 10 శాతం విస్తీర్ణం లెక్కన పంచింది. రాష్ట్రం లోపల కూడా, రాష్ట్ర ఆర్థిక సంఘం వేరే సూత్రం చెప్పకపోతే, అదే లెక్క. రాష్ట్రాల మధ్య పేదరికం కనబడిన కళ్లకి ఊళ్ల మధ్య ఎందుకు కనబడలేదు? పైగా ఆ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టారు. అవి అవసరమే. కానీ ఊరికి ముందు ఏం కావాలో తేల్చుకునే వీలు మిగిలిన 40 శాతానికి కుదించుకుపోయింది.

తక్కువపడిన డబ్బుని ఎవరో ఒకరు పూడ్చాలి. మోటారు కాలిపోయి బాగుచేయించే డబ్బు లేకపోతే ఊరు నీళ్లు తాగడం మానేయదు. ఆడవాళ్లు పొలాల్లోని బోర్ల దగ్గరికి బిందెలు పట్టుకు నడుస్తారు. వీధి దీపాలు వెలగకపోతే ఆడపిల్లల సాయంత్రాలు కుదించుకుపోతాయి. కాలవ తీసే మనిషికి జీతం అందకపోతే జ్వరాలొచ్చిన పిల్లల పక్కన కూలి మానుకుని కూర్చునేది తల్లే. ప్రభుత్వం ఇవ్వని గ్రాంటుని ఆడవాళ్ల చాకిరీ భర్తీ చేస్తోంది. ఏ బడ్జెట్‌లోనూ ఆ పద్దు ఉండదు.

సర్పంచ్ కూడా ఆడదే అయితే నింద కూడా ఆమెకే. ఊళ్లో పని ఆగితే నిధులు రాలేదనరు, ఆడమనిషికి చేతకాలేదంటారు. ఆ మాట పడలేక అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లుల కోసం తిరిగినవాళ్లున్నారు. తెలంగాణలో 2024లో మాజీ సర్పంచులు బకాయి బిల్లుల కోసం ఆందోళనలకు దిగాల్సి వచ్చింది. ఉన్న కాస్త డబ్బు మీద కూడా ఆమెకి పూర్తి హక్కు లేదు. 2018 చట్టం సర్పంచ్‌కీ ఉప సర్పంచ్‌కీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఉప సర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. దళిత, గిరిజన స్త్రీ సర్పంచైన ఊళ్లో రెండో సంతకం ఎవరి చేతికి వెళ్లే అవకాశం ఎక్కువో చెప్పనక్కర్లేదు.

ఇక శిక్షలు. తెలంగాణ పంచాయతీల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1న ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఈ మధ్యకాలంలో ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్రం గ్రాంటులు ఆగాయి. ఎన్నికలు జరపనిది ప్రభుత్వం, ఎండిపోయింది ఊరు. సొంత ఆదాయమున్న ఊళ్లు ఎలాగో నెట్టుకొచ్చాయి. లేనివాటికి ఆ దారి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు కూడా సర్పంచులు రోడ్డెక్కారు. తమ ఖాతాలో డబ్బు తమని అడగకుండానే పోయిందన్నది వాళ్ల బాధ.

వేరే దారి లేదా అంటే ఉంది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చింది. అందులో కనీసం 10 శాతం స్త్రీల కోసం ప్రత్యేకించమంది. ఆ పథకానికీ లోపాలున్నాయి. స్త్రీల వాటా కుట్టుమిషన్ల దగ్గరే ఆగిపోయిందన్న విమర్శ ఉంది. అయినా డబ్బు గ్రామసభ దాకా రావడం సాధ్యమేనని అది చూపించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికల చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తిలో కేటాయించాలన్న సూత్రం గొప్పదే. కానీ ఆ డబ్బు ప్రధానంగా శాఖల గుండా ప్రయాణిస్తుంది. తండా పంచాయతీ తీర్మానం దాన్ని కదిలించలేదు.

కాబట్టి నేననేది ఇది. తలల్ని లెక్కపెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది కానీ ఒక్కో తల మీద ఎన్ని బిందెలున్నాయో అది చూడదు. నిధుల సూత్రంలో సొంత ఆదాయం లేకపోవడానికి, దళిత గిరిజన జనాభాకి, నీటికోసం నడిచే దూరానికి లెక్క ఉండాలి. చిన్న పంచాయతీకి జనాభాతో పనిలేని కనీస మొత్తం చట్టబద్ధంగా రావాలి. ఎన్నికలు ఆలస్యమైతే జరిమానా ఆలస్యం చేసినవాళ్లకి పడాలి. రాష్ట్ర ఆర్థిక సంఘాల ముందు నివేదికలు పెట్టేవాళ్లలో స్త్రీల సంఘాలూ ఉండాలి, మనమూ ఉండాలి. జెండర్ బడ్జెట్ మీద విశ్వవిద్యాలయాల్లో జరిగే సెమినార్లకి ఆ సర్పంచ్‌ని వక్తగా పిలవాలి. ట్రాక్టర్ కిస్తీ గురించి ఆమె వేసిన ప్రశ్నకి ఏ ఆర్థిక సంఘమూ ఇంకా జవాబు చెప్పలేదు.