చలువపందిరి బండి

మా గోపాలపట్నమున వైశాఖమాసమనగానే రెండు విషయములు తలపునకు వచ్చుచుండెడివి. తదియనాడు సింహాద్రి అప్పన్న చందనము నొలిపించుకొని నిజరూపమున దర్శనమిచ్చును గనుక మా త్రోవలన్నియు యాత్రికులతో నిండియుండును. రెండవది ఉక్కపోత. 2020వ సంవత్సరమునుండి మూడవది కూడ చేరినది. ఆ యేటి మే 7వ తేదీ, వైశాఖపూర్ణిమ, తెల్లవారుజామున మాకు దాపుననున్న ఆర్.ఆర్. వెంకటాపురములో నొక ప్లాస్టిక్కు కర్మాగారపు తొట్టియందు, చల్లగా నుంచవలసిన స్టైరీను వేడెక్కి ఆవిరియై జనముమీదికి వచ్చెను. 12 మంది మరణించిరి. మేము తడికొంగులు ముక్కులకు చుట్టుకొని చీకటిలో పరుగెత్తితిమి.

అప్పటినుండి మా అత్తగారు తలుపులు మూసిన గదిలో నిదురింపరు. చల్లనిగాలి యంత్రమున్న కారెక్కించినచో పావుగంట గడవకమునుపే “అద్దం దించండర్రా” అందురు. డెబ్బదియేండ్లు దాటినను, నూరు కిలోమీటర్ల దూరముననున్న అరకులోయ నామె చూచి యెరుగరు. హోటలుగదిలో నుండనొల్లనిదే కారణము. నిరుడు వేసవి రాకమునుపే మావారు, పిల్లలను బడికి మోసిన పాతవ్యాను నొకదానిని కొని, “గదికి అమ్మ రాకపోతే గదినే అమ్మ దగ్గరకు తెద్దాం” అనిరి.

సోదరీమణులారా, బండిని ఇల్లు చేయుట వంటగదిలో అలమరలు సర్దుటవంటిదని మేము తలచితిమి. మొదటి పాఠము రవాణాశాఖవారి కచ్చేరీలోనే నేర్చితిమి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము బండి స్వరూపము మార్చుటకు ముందుగా అనుమతి పొందవలెను. ఆ కాగితములకు పట్టిన కాలము వడ్రంగిపనికి పట్టలేదు.

అసలు చిక్కు ఎండతో వచ్చినది. వెలుపల 36 డిగ్రీలున్న మధ్యాహ్నమున వ్యానులో నుంచిన ఉష్ణమాపకము 50 దాటెను. ఇనుపపెట్టెకు అది సహజమే. మరమ్మతుచేయు మేస్త్రీ పైకప్పులోపల థర్మోకోలు పలకలు పరచెదమనెను. థర్మోకోలు స్టైరీనునుండియే పుట్టునని మా అమ్మాయి పుస్తకమున చదివినది నోరుజారి చెప్పినది. అంతే, అత్తగారు “నా నెత్తిమీద అది వద్దు” అనిరి. తయారైన పలక ఆనాటి ఆవిరివంటిది కాదని మేమెరుగుదుము. అయినను అది నిప్పంటుకొన్న వెంటనే కాలునది గనుక, వంటచేయు బండిలో వద్దనుట మంచిదే యైనది. దానికి మారు రబ్బరు నురుగుపలకలు పరిపించి, పైకప్పునకు తెల్లరంగు వేయించితిమి. గడిమీద ఒక పంకా అమర్చి, లోని వేడిగాలిని పైకి లాగునట్లు చేయించితిమి. క్రింది కిటికీలకు దోమలు రాకుండ సన్నని జాలి బిగించితిమి.

పరీక్షకని ఒకరాత్రి మా పెరటిలోనే అందులో పండుకొంటిమి. రాత్రి పదిగంటలవరకు ఇనుము సెగలు చిమ్ముచునే యుండెను. వట్టివేళ్ల తడికలు తడిపి కట్టి చూచితిమి. కర్నూలు, అనంతపురములందు అది స్వర్గమే గాని, మా విశాఖగాలిలో నున్న చెమ్మకు తడి త్వరగా ఆరదు. ఆరనిదే చల్లదనము రాదు. ఉక్క ఇంకొంచెము పెరిగినది.

అప్పుడు అత్తగారే త్రోవ చూపిరి. ఆమె చిన్నతనమున గూడుబండిలో సింహాచలము వచ్చునప్పుడు, ఆమె తాతగారు పగలు చింతతోపులో బండి విప్పించి, గూటిపైన జానెడెత్తున తాటాకులు కట్టించెడివారట. “ఎండ ఆకులమీద పడాలి గాని గూటిమీద పడకూడదు, మధ్య గాలి ఆడాలి” అనిరి. పెండ్లియింట చలువపందిరి వేయు సూత్రమిదియే గదా! ఇన్ని పలకలు కొన్న మాకు తోచలేదు. వ్యాను నాలుగుమూలల కడ్డీలు నిలిపి, ఆగినచోట తెల్లని కాన్వాసు పైకప్పునకు జానెడెత్తున లాగి కట్టునట్లు ఏర్పాటు చేసితిమి. మరునాటి మధ్యాహ్నము లోపల 39 డిగ్రీలు. చల్లనని చెప్పజాలము, కూర్చుండవచ్చును.

వేసవిప్రయాణము మనకు క్రొత్తదికాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు చెన్నపట్టణము విడిచినది 1830వ సంవత్సరము మే 18వ తేదీ. అదియు రాత్రివేళ. డేరాలు, పల్లకీలతో నూరుమంది పరివారమును వెంటబెట్టుకొని నడివేసవిలో బయలుదేరిన యాయన ఎండవేళ తప్పించుకొనుట నెరిగినవారు. మేమును తెల్లవారుజామున నాలుగుగంటలకే బయలుదేర నిశ్చయించితిమి.

వంటకు 5 కిలోల చిన్న గ్యాసుబండ. దానినుంచు అరకు అడుగున రంధ్రములు పెట్టించవలెనని మేమే పట్టుబట్టితిమి. ఆ వాయువు గాలికన్న బరువైనది. కారినచో నేలబట్టి నిలుచును. స్టైరీను ఆవిరియు అట్టిదే యని మా ఊరివారికి ఎవరును చెప్పనక్కరలేదు. వంట మాత్రము తలుపు బయట బల్లమీదనే. తినుబండారములలో ఎండకు చెడని కందిపొడి, చింతపండు పులిహోర, అటుకులు, ఊరగాయ తీసికొంటిమి. పాలు వద్దని, పెరుగు చిలికి మజ్జిగగా పెద్ద కూజాలో పోసి, మూతికి తడిగుడ్డ చుట్టితిమి. పచ్చళ్లజాడీ ఒక్కటి చాలునని మేమనగా అత్తగారు మూడు తెచ్చిరి. ఆ సంగతి విడుతము.

టైర్లలో గాలి చల్లవేళనే చూపించి, పెందుర్తి, కొత్తవలస దాటి, ఎండ ముదరకమునుపే శృంగవరపుకోట చేరితిమి. అటుపై ఘాటు. అనంతగిరి మలుపులలో రేడియేటరు ముల్లు ఎఱ్ఱగీత దాపునకు పోయెను. మావారు బండి నాపి, మూత విప్పబోయిన మా అబ్బాయి చేయి పట్టుకొనిరి. కాగుచున్న నీరు మొగముపై చిమ్మునట. చేయునది లేక సిల్వరుఓకు చెట్లనీడన కూర్చుంటిమి. చెట్లకు మిరియపుతీగెలు, క్రింద కాఫీపొదలు. అత్తగారు కూజా దింపి, దారినపోవు సంతజనమునకు కూడ మజ్జిగ పోసిరి. ఒక గిరిజనస్త్రీ బదులుగా నాలుగు పనసతొనలిచ్చి పోయినది. ముప్పావుగంటకు ముల్లు దిగినది. ప్రయాణమంతటిలో మాకు మిక్కిలి నచ్చినది ఆ ముప్పావుగంటయే.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్లు పైన నుండుటచే మాకంటె ఐదారు డిగ్రీలు చల్లన. సాయంకాలము ఉరుములతో జల్లు పడినది. కాన్వాసుపై చినుకులు రాలుచుండగా, జాలికిటికీలన్నియు తెరచి పండుకొంటిమి. అత్తగారు తలుపుప్రక్కనే పడక వేయించుకొనిరి. అర్ధరాత్రివేళ ఆమె మమ్ము తట్టి లేపిరి. అదిరిపడి లేచితిమి.

“అమ్మాయీ, ఆ కిటికీ కొంచెం దగ్గరగా వెయ్యి. చలేస్తోంది” అనిరి.

మేము లేచి సగము మూసితిమి. “పూర్తిగా వెయ్యవే” అని అటు తిరిగి పండుకొనిరి.