గోడ దాటి వచ్చే దరువు

ముప్పై మూడేళ్ల ప్రభుత్వోద్యోగంలో నిద్ర పట్టడం లేదంటూ నా ఎదుట కూర్చున్నవారిని ఎన్నెన్నో ప్రశ్నలు అడిగాను. కాఫీ ఎప్పుడు తాగుతారు? రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తారు? ఇంట్లో కలతలేమైనా ఉన్నాయా? మీ పడకగది కిటికీకి అవతల ఏముంది అని మాత్రం ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు. ఆ ప్రశ్న నాకు డెబ్బై రెండేళ్ల వయసులో నా ఇంట్లోనే ఎదురయింది.

మేము హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులో ఉంటున్నాము. ఎదురుగా ఉండే మేడ ఇంటివారు పిల్లల దగ్గరకు విదేశం వెళ్తూ దానిని ఒక రెస్టారెంటుకు లీజుకిచ్చారు. మొదట సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. అక్కడి భోజనం బాగుండేది. తరువాత డాబా మీద రేకులు వేసి బల్లలు పరిచారు. వారాంతాల్లో ఒక యువకుడు గిటారుతో పాత సినిమా పాటలు పాడేవాడు. కిటికీ తెరిచి విన్న సాయంత్రాలున్నాయి. మరికొన్ని నెలలకు అతడు వెళ్లిపోయాడు, పెద్ద స్పీకర్లు వచ్చాయి.

నా భార్యకు పదేళ్లుగా బీపీ ఉంది. మందులతో 130 దగ్గర నిలకడగా ఉండేది. ఒక వారం వరుసగా ఉదయం 155, 160 కనిపించింది. నేను ఆవకాయను అనుమానించాను. (మన వైద్యులకు ఆవకాయ మీద ఉన్నంత అనుమానం మరి దేనిమీదా ఉండదు.) ఆమె మాత్రం ఒకే మాట అన్నది: "నాకు పాట వినబడటం లేదండీ, మంచం వినబడుతోంది."

నేను ఆ మాటను పట్టించుకోలేదు. నాకు కొంత చెవుడు. పడుకుంటే లోకం తెలియదు. నిద్రమాత్ర సగం వేసుకోమన్నాను. వృద్ధులకు నిద్రమాత్రలు వాడితే తూలి పడే ప్రమాదం ఉందని వందలమందికి చెప్పినవాణ్ణి, నా ఇంట్లో ఆ జాగ్రత్త మరిచాను. మూడవ రాత్రి ఆమె స్నానాలగది గడప దగ్గర పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. తప్పు సంగీతానిది అని చెప్పడం నాకు సుళువు. మాత్ర ఇచ్చింది నేను.

ఆమె మాట ఎంత ఖచ్చితమైనదో తరువాత చదివితే అర్థమయింది. గోడలు, కిటికీ అద్దాలు సన్నని స్వరాలను బాగానే ఆపుతాయి. పాటలోని మాటలు, గాయకుని గొంతు బయటే నిలిచిపోతాయి. మందర ధ్వనులకు, అంటే డ్రమ్ముల దెబ్బకూ బేస్ మోతకూ, ఆ అడ్డు చాలదు. సెకనుకు 50 సార్లు కంపించే ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అటువంటిది గోడను దాటి మన గదిలోకి దరువుగా మాత్రమే వస్తుంది. చెవిలో పెట్టుకునే దూది కూడా దానిని అంతగా ఆపలేదు.

నిద్రలో చెవి మూసుకోదు. మనిషి మేలుకోకపోయినా శబ్దానికి గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, గాఢనిద్ర తేలికపడుతుంది. "మాకు అలవాటయిపోయింది" అనేవారిలో మనసుకు అలవాటయినంతగా గుండెకు అలవాటు కాదు. పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. మందర ధ్వనులు ఎక్కువగా ఉన్నచోట ఇంకా తక్కువే ఉండాలన్నది.

ఫిర్యాదు చేశాను. ఒక రాత్రి ఇద్దరు మీటరుతో వచ్చారు. మా కిటికీ దగ్గర 44 చూపించింది. "నియమం 45 సార్, ఉల్లంఘన లేదు" అన్నాడు పెద్దతను. చిన్నతను గోడకు అరచెయ్యి ఆనించి చూసి, చెయ్యి తీసి, ఏమీ అనలేదు.

మీటరు అబద్ధమాడలేదు. మన దేశంలో ధ్వనిని 'ఏ' కొలమానంలో కొలుస్తారు. అది మనిషి చెవి తీరును అనుకరించి మందర ధ్వనులకు విలువ తగ్గిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ తీసివేస్తుంది. మా ఆవిడ పక్కమీద ఉన్న దరువులో అధికభాగం ఆ కాగితం మీదకు రానేలేదు. అంతగా తగ్గించని 'సీ' కొలమానం కూడా ఉంది. రెండింటికీ మధ్య తేడా 10 దాటితే ఆ ధ్వనిని విడిగా పరీక్షించాలన్నది నిపుణుల మాట.

2000 నాటి ధ్వని కాలుష్య నియమాలలో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45; వాణిజ్య ప్రాంతానికి పగలు 65, రాత్రి 55. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఇళ్లూ హోటళ్లూ కలిసిన వీధికి వేరే తరగతి లేదు. అధికారులు దానిని ఉన్న నాలుగు తరగతులలో ఏదో ఒకటిగా ప్రకటించవచ్చు, అంతే. పది దాటాక లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం, మూసివున్న హాళ్లకు మినహాయింపు. రేకుల డాబా మూసివున్న హాలు ఎలా అవుతుందో నాకు బోధపడదు. 2022లో జూబ్లీహిల్స్ నివాసుల పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు పబ్బులలో రాత్రి 10 తరువాత సంగీతం వినిపించరాదన్నది. తరువాత దానిని ఆ ప్రాంతంలోని కొన్ని పబ్బులకు పరిమితం చేసింది. గడియారంతో పరిష్కారం వెతకడం మంచిదే. కాని ఆరున్నరకే పడుకునే పసిపాపకు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోయే నర్సుకు గడియారం ఒక్కటే చాలదు. కొలవవలసింది పడకగదిలో, దరువును పట్టగల కొలతతో.

చివరికి నేను చేసిన పని చిన్నది. ఒక శనివారం రాత్రి మేనేజరును మా ఇంటికి రమ్మన్నాను. ముప్పై యేళ్లుంటాయి, మర్యాదస్తుడు. "డాక్టరుగారూ, సౌండు తగ్గించే పెట్టాము కదండీ" అన్నాడు. మంచం మీద కూర్చోమన్నాను. పక్కన స్టూలు మీది స్టీలు గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. అతడు రెండు నిమిషాలు చూశాడు. మా ఆవిడ కట్టుకట్టిన చేతిని కూడా చూశాడు; దాని సంగతి నేను చెప్పలేదు.

మరుసటి వారం పెద్ద బేస్ స్పీకరును శ్లాబు మీదినుంచి తీసి రబ్బరు దిమ్మెలపై పెట్టారు, ముఖం మా వైపు కాకుండా తిప్పారు, పది తరువాత బేస్ తీసివేస్తున్నారు. పాట ఆగలేదు, గిరాకీ పోలేదు. అక్కడ పనిచేసే పాతికమంది జీతాలూ నాకు గుర్తున్నాయి. యజమాని మారితే ఈ ఏర్పాటు నిలుస్తుందన్న హామీ లేదు. అది లైసెన్సు షరతుగా ఉంటే నేను ఎవరినీ బతిమాలవలసిన అవసరముండదు.

మీలో ఎవరికైనా ఇటువంటి పొరుగు ఉంటే, వారం రోజులు ఏ వేళ మేలుకున్నారో, ఉదయం బీపీ ఎంతో ఒక పుస్తకంలో రాసుకోండి. మీ వైద్యునికి అది చూపించండి. నిద్రమాత్ర అడిగేముందు కిటికీ సంగతి చెప్పండి, ఆయన అడగకపోవచ్చు.

మా పుస్తకంలో నిన్న రాత్రి లెక్క: దరువు 10 గంటల 12 నిమిషాలకు ఆగింది, ఉదయం బీపీ 136. మణికట్టు అతుక్కున్నది గాని, దోసె తిప్పడం మాత్రం ఇప్పుడు నా వంతు.