ఆషాఢం పేషెంట్లు

ఆషాఢం వచ్చిందంటే మా క్లినిక్‌కి రియల్ ఎస్టేట్ ఏజెంట్లు కనిపిస్తారు. ఆ నెల ప్లాట్లు కొనేవాళ్లు తగ్గుతారు, రిజిస్ట్రేషన్లు పలచబడతాయి, అప్పుడు వీళ్లకి ఒంటి మీద ధ్యాస పుడుతుంది. శ్రావణం రాగానే మాయం. మళ్లీ మూఢమో ఆషాఢమో రావాలి. బీపీకి ముహూర్తాలు లేవు నాయనా అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

"మీకేంది సార్, టైముకి క్లినిక్ తెరవాలె. మాకు బాసు లేడు, పంచింగ్ లేదు. మా టైము మా చేతిలనే" అంటాడు షాద్‌నగర్ వైపు వెంచర్లు చూపించే ఒకాయన. ఒక చేతికి బీపీ పట్టీ చుడుతుంటే రెండో చేత్తో ఫోనెత్తాడు. "అన్నా, ఈస్ట్ ఫేసింగ్ ఒక్కటే మిగిలింది, టోకెన్ ఏసెయ్." మాట్లాడుతుంటే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ఫోను లాక్కుని, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాను. 180/110. మరి అంతకుముందు రాసిన మాత్రలో?

"నార్మల్‌కొచ్చింది కదా సార్, బంద్ చేసిన."

మాత్ర వేసుకుంటున్నావు కాబట్టే నార్మల్‌కొచ్చిందయ్యా! నొప్పి ఉండదు, అదే బీపీ చేసే ద్రోహం. లోపల కిడ్నీలను, కళ్లను, మెదడులోని రక్తనాళాలను చప్పుడు లేకుండా పాడుచేస్తుంది.

గద్దించి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువ పోయేలా చేసేది. ఆదివారం సైట్ విజిట్. కార్లో కస్టమరు, భార్య, అత్తగారు. "మాటిమాటికి బండి ఆపితే షుగర్ పేషెంట్ అనుకుంటరు సార్. మాట మధ్యల తెగిందంటే బేరం పోతది." అలా ముందు ఆదివారం మాత్ర మానేశాడు. తర్వాత శనివారం. ఆ తర్వాత అన్నీ. బాసు లేడట! కారెక్కిన ప్రతివాడూ బాసే.

ఆయన్ని తిట్టినట్టు ఇంకొకామెను తిట్టలేకపోయాను. పిల్లల్ని చూసుకుంటూ వీలున్నప్పుడు చేసుకోవచ్చని టీచరు ఉద్యోగం మానేసి ఈ ప్లాట్ల ఏజెంటు పనిలో చేరింది. మూత్రంలో మంట, చలిజ్వరం, తగ్గడం, మళ్లీ రావడం. సైట్ విజిట్ ఉన్న రోజు పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లు తాగదు. వెంచర్‌లో కమాను ఉంది, సీసీ రోడ్లున్నాయి, వరసగా ఖర్జూరం చెట్లు, పార్కులో సిమెంటు ఏనుగు. బాత్రూమ్ లేదు. క్లబ్‌హౌస్ బ్రోచర్‌లో ఉంది. "కస్టమర్లకి వాటర్ బాటిళ్లు నేనే అందిస్తాను సార్" అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

2016లో వచ్చిన రెరా చట్టం ఏజెంట్లూ రిజిస్టర్ చేసుకోవాలంది. మంచిదే. అయితే అది కొనేవాళ్లను కాపాడటానికి చేసిన చట్టం, అమ్మిపెట్టేవాళ్ల మూత్రసంచి దాని పరిధిలోకి రాదు.

ఆమెకు యూరిన్ కల్చర్ చేయించి, దాన్నిబట్టి యాంటీబయాటిక్ రాశాను. ఆయనకు మాత్ర మార్చాను, రోజుకొక్కటే, పళ్లు తోముకోగానే. ఆమె మళ్లీ వచ్చి చూపించుకుంది. ఆయన జాడ లేదు, పెళ్లిళ్ల సీజన్ కదా, ప్లాట్లు బాగా కదులుతున్నాయేమో.

వెంచర్ యజమానులారా, ఆ కమాను పక్కన ఒక బాత్రూమ్ కట్టించండి. ప్లాటు చూడటానికి వెళ్లే మీకూ ఒక మాట. దారిలో పెట్రోలు బంకు కనిపిస్తే మీరే బండి ఆపమనండి. ఏజెంటు తనంతట తాను ఆపడు.